మద్రాసు నుంచి వచ్చిన మొహిందర్

అధ్యక్షులవారికి, సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

టెలివిజన్ నాటకాల్లో ప్రాంతీయ మూసల గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, పది ధారావాహికలను పైపైన తడిమి వెళ్లడం కన్నా ఒక్కదాన్ని తీసుకుని దగ్గరగా చూడటమే మేలనిపించింది. అందుకు నేను ఎంచుకున్నది 'హీరోస్' అనే అమెరికన్ ధారావాహిక. టిమ్ క్రింగ్ సృష్టించిన ఈ నాటకం 2006 సెప్టెంబరు 25న ఎన్‌బీసీలో మొదలై, 2010 ఫిబ్రవరిలో నాలుగో సీజన్‌తో ముగిసింది. లోకంలో అక్కడొకరు ఇక్కడొకరుగా ఉన్న మామూలు మనుషులకు ఉన్నట్టుండి అసాధారణమైన శక్తులు రావడం ఇందులోని కథ. టోక్యోలో ఒక గుమాస్తా కాలాన్ని ఆపగలుగుతాడు. టెక్సస్‌లో ఒక బడిపిల్లకు ఎంత పెద్ద గాయమైనా క్షణాల్లో మానిపోతుంది. న్యూయార్కులో ఒక రాజకీయ నాయకుడు గాలిలో ఎగురుతాడు. లాస్ ఏంజెలెస్‌లో ఒక పోలీసుకు ఎదుటివాళ్ల మనసులోని మాట వినిపిస్తుంది. వీళ్లందరినీ వెతికి పట్టుకునే పనిని కథకులు మద్రాసు నుంచి వచ్చిన ఒక జన్యుశాస్త్ర ఆచార్యుడికి అప్పగించారు.

అంతకుముందు అమెరికన్ టెలివిజన్‌లో అతీత శక్తులున్న వీరుడంటే దాదాపుగా అమెరికావాడే. లోకాన్ని కాపాడే బాధ్యతను లోకానికంతటికీ పంచిన మొదటి పెద్ద ప్రయత్నాల్లో ఇది ఒకటి. అందుకే దీన్ని నేను గౌరవంతోనే పరిశీలిస్తున్నాను. దక్షిణ భారతం నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్త గొంతుతో చాలా వారాలు కథ మొదలై, ఆ గొంతుతోనే ముగియడం అప్పట్లో చిన్న విషయమేమీ కాదు. కానీ ఇంత విశాలమైన ఆలోచన చేసినవాళ్లు ఒక్కో ఊరి దగ్గరికి వచ్చేసరికి ఎంత తొందరగా సరిపెట్టుకున్నారో చూస్తే బాధ కలుగుతుంది. ఆ బాధ గురించే ఈరోజు మాట్లాడతాను.

నేను ఈ ధారావాహికను మొదటిసారి చూసింది 2007లో, టెక్సస్‌లోని అర్వింగ్‌లో. నలుగురు తెలుగు కుర్రాళ్లం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. సోమవారం రాత్రి ఎనిమిదింటికి వంట ముగించి, కంచాలు ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేవాళ్లం. నేను ఆలస్యంగా ఆ ఇంట్లో చేరాను కాబట్టి, మొదటి భాగం ఒక శనివారం నాకోసం మళ్లీ పెట్టారు. మాలో ఒకడు చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాడు. వాళ్ల నాన్నగారు పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. తెరమీద 'మద్రాసు, ఇండియా' అన్న అక్షరాలు పడగానే, మిగతావాళ్లకు అంతకుముందే తెలిసిన సంగతైనా, అందరం ముందుకు వంగి కూర్చున్నాం. ఆచార్యుడి పేరు మొహిందర్ సురేష్ అని వినిపించగానే మా చెన్నై మిత్రుడు కంచం పక్కన పెట్టి, "ఒరేయ్, మా ఊళ్లో మొహిందర్ ఎవడ్రా?" అన్నాడు. నేను ఈరోజు చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్నకు వివరణే అనుకోండి.

మొహిందర్ అనేది పంజాబీ పేరు. మహేంద్ర అన్న సంస్కృత పదం పంజాబీ నోట పడి అలా మారింది. 1983 ప్రపంచ కప్పు ఫైనల్లో 'మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్' అందుకున్న మొహిందర్ అమర్‌నాథ్ పాటియాలాలో పుట్టినవాడన్నది ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పంజాబీ కుటుంబాలు చెన్నైలో లేవని నేననడం లేదు. కానీ కథలో ఈ కుటుంబం పంజాబు నుంచి వలస వచ్చిందనే మాట ఎక్కడా లేదు. తండ్రి పేరు చంద్ర సురేష్, కొడుకు పేరు మొహిందర్ సురేష్, చిన్నతనంలోనే చనిపోయిన కూతురి పేరు శాంతి సురేష్. అంటే సురేష్ అన్నది వాళ్ల ఇంటిపేరన్నమాట. తమిళనాట పేరు ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు ఇక్కడ రెండో ముడి కనబడుతుంది. అక్కడ ఎక్కువ కుటుంబాల్లో మన ఇంటిపేరు లాంటిది ఉండదు. తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని బిడ్డ తన పేరుకు ముందు పెట్టుకుంటాడు. ఆ అక్షరం మరుసటి తరానికి మారిపోతుంది. సురేష్ అనేది ఒక మనిషికి పెట్టే పేరు. మూడు తరాలు మోసుకుపోయే వంశనామంగా దాన్ని ఎవరూ వాడరు.

ఇదేమంత పెద్ద తప్పని మీలో కొందరికి అనిపించవచ్చు. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లను అడిగితే పేరు ఎంత పెద్ద సంగతో చెబుతారు. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ల దరఖాస్తులో చివర ఉండాలి. పాస్‌పోర్టులో ఒక తీరుగా, జీతం చీటీలో ఇంకో తీరుగా పడి, ఇంట్లో ఎవరూ పిలవని ఇంటిపేరుతో ఆఫీసులో పిలిపించుకుంటూ ఏళ్లు గడిపినవాళ్లు నాకు చాలామంది తెలుసు. తమిళులైతే తండ్రి పేరును చివరి గడిలో రాసి, జీవితమంతా తండ్రి పేరుతోనే పిలిపించుకుంటారు. ఒక మనిషి ఏ నేల మీద నుంచి వచ్చాడో అతని పేరు కట్టులోనే తెలిసిపోతుంది. కథకులకు ఆ కట్టు తెలియకపోవడం సహజమే. తెలుసుకోవాలని అనిపించకపోవడమే నన్ను ఆలోచనలో పడేసింది. మొదటి సీజన్‌లోనే, తండ్రి అస్థికలతో మద్రాసు తిరిగివచ్చిన మొహిందర్‌కు కలల్లో కనిపించే ఒక పిల్లవాడు ఉంటాడు. వాడి పేరు సంజోగ్ అయ్యర్. సంజోగ్ అనేది హిందీలో వినిపించే మాట, అయ్యర్ అనేది తమిళ స్మార్త బ్రాహ్మణుల కులనామం. మొహిందర్‌ను ప్రేమించిన అమ్మాయి పేరు మీరా షెణాయ్. ఇది మంగుళూరు, కొచ్చి వైపు కొంకణీ కుటుంబాల పేరు. ఆ ఒక్క పేరు చెన్నైలో సులువుగా ఇమిడిపోతుందని ఒప్పుకుంటాను. మొత్తం మీద చూస్తే మాత్రం భారతదేశపు పటం మీద చేతికందిన చోటల్లా ఒక పేరు ఏరుకొచ్చి మద్రాసులో కుప్ప పోసినట్టుంది.

ఊరి పేరు సంగతి కూడా చెప్పాలి. మద్రాసు 1996లో చెన్నై అయింది. ధారావాహిక వచ్చింది పదేళ్ల తర్వాత. మన పెద్దలు ఇవాళ్టికీ మద్రాసనే అంటారు. హైకోర్టు, విశ్వవిద్యాలయం, ఐఐటీ ఆ పాత పేరునే ఉంచుకున్నాయి. కాబట్టి ఈ విషయంలో నేను వాళ్లను తప్పు పట్టను. అయితే మద్రాసు అన్న మాటకు ఉత్తర భారతంలో ఇంకో చరిత్ర ఉంది. వింధ్యకు దక్షిణాన పుట్టినవాడెవడైనా, వాడు మాట్లాడేది తెలుగైనా కన్నడమైనా మలయాళమైనా తుళువైనా, అక్కడివాళ్లకు మద్రాసీయే. ఢిల్లీలో చదువుకునే రోజుల్లో మా ఇంటి యజమాని నన్ను రెండేళ్లపాటు పేరు పెట్టి పిలవలేదు, మద్రాసీ అనే పిలిచారు. ఆయన మంచి మనిషి. జ్వరం వస్తే కిచిడీ పంపిన ఇల్లు అది. కానీ నా పేరు అడిగి తెలుసుకోవాలని ఆయనకు ఒక్కసారీ తోచలేదు. మూస అంటే ద్వేషంతోనే పుడుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది ఎక్కువగా ఈ అడగకపోవడంలోంచి పుడుతుంది. కంచరి చేతిలోని మూసకు ఏ లోహం పోస్తున్నారో పట్టదు. ఏది పోసినా ఒకే ఆకారంలో బయటికి వస్తుంది.

ఇక మొహిందర్ తెరమీద ఏం చేస్తాడో చూద్దాం. మొదటి భాగంలో అతను మద్రాసులో తరగతి గదిలో పాఠం చెబుతుంటాడు. దేవుడు తన రూపంలో ఏ జీవినైనా సృష్టించి ఉంటే అది మనిషి కాకపోవచ్చు, బొద్దింక కావచ్చునంటాడు. ఎన్ని కోట్ల ఏళ్లుగా ఏ విపత్తుకూ లొంగకుండా బతికిందో విద్యార్థులకు వివరిస్తాడు. పాఠం బాగుంటుంది. సెంథిల్ రామమూర్తి మంచి నటుడు. ఆయన షికాగోలో పుట్టి, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పెరిగి, లండన్‌లో నటన నేర్చుకున్నారు. తెరమీద మొహిందర్ నోట వినిపించే ఇంగ్లీషు ఆ లండన్ వైపుదే. చెన్నైలో ఏ కళాశాల వరండాలో నిలబడినా వినిపించే ఇంగ్లీషుకు దానిదే అయిన ఒక నడక ఉంది. 'ర'కారం నొక్కడంలో, వాక్యం చివర గొంతు లేపడంలో తమిళం నీడ పడుతుంది. ఆ నీడ ఈ ఆచార్యుడి మాటలో పడలేదు. విదేశాల్లో చదువుకున్న ఆచార్యుడు కావచ్చుగా అని సర్దిచెప్పుకోవచ్చు, కాదనను. కానీ తండ్రి పాత్రలో డార్జిలింగ్‌లో పుట్టిన పార్సీ నటుడు ఎరిక్ అవారి కనబడతారు. తండ్రీ కొడుకులు తమలో తాము మాట్లాడుకునేదీ ఇంగ్లీషే. చెన్నై ఇంట్లో, బిడ్డను పోగొట్టుకున్న కుటుంబంలో, బాధ ఏ భాషలో బయటికి వస్తుందో ఒక్క క్షణం ఊహించి ఉంటే ఆ దృశ్యం ఎంత లోతుగా ఉండేదో!

ఇదే ధారావాహికలో టోక్యో గుమాస్తా హిరో నకమురా సంగతి వేరు. అతను, అతని మిత్రుడు ఆండో తమలో తాము జపనీస్‌లో మాట్లాడుకుంటారు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. సోమవారం రాత్రి కోటి మందికి పైగా చూసే అమెరికన్ నాటకంలో నిమిషాల తరబడి జపనీస్ వినిపించడం నిజంగా సాహసం. ఆ సాహసం పండటానికి కారణం టోక్యోలో పుట్టిన నటుడు మాసి ఓకా. తన సంభాషణలను జపనీస్‌లోకి తానే మార్చుకునేవారు. రచయితల గదికీ టోక్యోకూ మధ్య ఆ భాష తెలిసిన ఒక మనిషి నిలబడ్డాడు. అందుకే హిరో మీద కామిక్ పుస్తకాల పిచ్చి, కళ్లజోడు, సమురాయ్ కత్తి మీద మోజు వంటి పాత ముద్రలన్నీ ఉన్నా, వాటి వెనక ఒక సజీవమైన కుర్రవాడు కనిపించాడు. నాలుగు సీజన్లలో ప్రేక్షకులు ఎక్కువగా ప్రేమించింది అతన్నే అని నా నమ్మకం. మద్రాసు పక్షాన అలా నిలబడి "ఈ పేరు ఇలా ఉండదండీ" అని చెప్పే మనిషి ఉన్న ఆనవాలు తెరమీద కనబడదు.

అయినా జపాను కూడా పూర్తిగా తప్పించుకోలేదు. హిరో చిన్నప్పటి నుంచి కథలుగా విన్న మహావీరుడు టకేజో కెన్సేయ్. రెండో సీజన్‌లో హిరో 1671 నాటి జపానులో తేలి అతన్ని వెతుక్కుంటూ వెళతాడు. ముసుగు తీస్తే ఆ వీరుడు బంగారు జుట్టున్న ఇంగ్లీషువాడు. కథలో దీన్ని ఒక మలుపుగా వాడుకున్నారు. కానీ ఒక జాతి పిల్లలు తరతరాలుగా చెప్పుకున్న వీరుడి ముఖాన్ని తీసేసి అక్కడ ఇంకొకరి ముఖం పెట్టడం నాకు మింగుడుపడలేదు.

మళ్లీ మొహిందర్ దగ్గరికి వస్తే, తండ్రి హత్యకు గురయ్యాడని తెలిసి న్యూయార్కు వచ్చిన ఆచార్యుడు అక్కడ టాక్సీ నడుపుతాడు. అంతకుముందు తండ్రి కూడా టాక్సీ నడిపాడు. టాక్సీ నడపడం గౌరవమైన పని. న్యూయార్కు వీధుల్లో మన ఉపఖండం వాళ్లు ఎంతోమంది ఆ పనితో పిల్లల్ని చదివించుకున్నారు. చర్చించవలసింది ఆ పని గురించి కాదు, ఆ ఎంపిక గురించి. అమెరికన్ ప్రేక్షకుడి కళ్లకు భారతీయుడు అలవాటైన రూపాలు రెండే: తత్త్వం చెప్పే జ్ఞాని, టాక్సీ నడిపే వలసవాడు. కథకులు ఆ రెంటినీ ఒకే మనిషిలో పోసేశారు. చాలా భాగాల మొదట్లో, చివర్లో పరిణామం గురించి, విధి గురించి గంభీరంగా మాట్లాడే గొంతు అతనిదే. మధ్యలో అతనికి సొంత ఆకలి, సొంత అల్లరి, సొంత ఊరి బెంగ ఉన్నట్టు కనబడేది చాలా తక్కువ.

ప్రాంతీయ మూస పరదేశాల మీదే పడుతుందనుకుంటే పొరపాటు. నాతో పనిచేసిన ఒక పెద్దాయన పశ్చిమ టెక్సస్‌లోని ఒడెస్సా పట్టణంవాడు. గాయాలు మానిపోయే బడిపిల్ల క్లేర్ బెన్నెట్‌ది కథలో ఆ ఊరే. ఒడెస్సా చమురు బావుల ఊరు. చమురు ధర పెరిగితే ఇళ్ల అద్దెలు పెరుగుతాయి, పడిపోతే సగం వీధి ఖాళీ అవుతుంది. నేల చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది. చిత్రీకరణ మాత్రం కాలిఫోర్నియాలో జరిగింది. "దృశ్యాల వెనకాల ఆ కొండలేమిటి, మా ఊరికి కొండ ఎక్కడ నుంచి వచ్చింది?" అని ఆయన నన్ను అడిగారు. కొండల కన్నా ఆయనకు ఇంకో విషయం ఎక్కువ కష్టం కలిగించింది. ఒడెస్సా అంటే ఫుట్‌బాల్ ఆట, ఆట పక్కన గంతులేస్తూ ఉత్సాహపరిచే అమ్మాయిలు, చిన్న ఊరి ఇరుకుదనం అన్న మూడు ముక్కలతో కథ సరిపెట్టిందని ఆయన బాధపడ్డారు. ఆయన ఇంట్లో మూడు తరాల మగవాళ్లు బావుల దగ్గర పనిచేశారు, ఒకాయన చేతివేళ్లు పోగొట్టుకున్నారు. ఆ ఊరి గురించి అంత పెద్ద నాటకంలో ఆ నూనె వాసన ఒక్క దృశ్యంలోనూ తగలలేదని ఆయన ఫిర్యాదు. నేను చెన్నై గురించి చెప్పాను, ఆయన ఒడెస్సా గురించి చెప్పారు. మధ్యాహ్న భోజనం అలా అయిపోయింది. ఆ రోజు నుంచి ఈ విషయాన్ని తూర్పు పడమరల తగవుగా చూడటం మానేశాను.

ఇంతవరకూ చెప్పినవి మనసు నొప్పించే విషయాలు. ఇప్పుడు చెప్పబోయేవి అంతకన్నా బరువైనవి.

ఈ ధారావాహికలో ఒక పాత్రకు మొదటి సీజనంతా పేరు లేదు. అతన్ని అందరూ 'హైతీవాడు' అనే పిలుస్తారు. ఎదుటివాళ్ల జ్ఞాపకాలను తుడిచేయగల, వాళ్ల శక్తులను అణచగల మనిషి అతను. క్లేర్ తండ్రి వెనకాల నీడలా నిలబడి, చెప్పిన పని చేస్తూ, చాలా భాగాలపాటు నోరు విప్పడు. హైతీలో పుట్టిన జిమ్మీ జాన్ లూయీ ఆ పాత్రను ఎంతో నిబ్బరంగా పోషించారు. ఆయన నిలబడే తీరులోనే ఒక కథ ఉంది. కానీ ఆ పాత్రకు రెనే అన్న పేరుందని మనకు తెలిసేసరికి చాలా కాలం గడిచిపోయింది. దేశం పేరే మనిషి పేరయితే, ఆ దేశం గురించి ఎంత తక్కువ తెలిస్తే అంత తేలిగ్గా ఆ పాత్ర నడుస్తుంది.

హైతీ అన్న మాటకు అమెరికాలో ఒక గాయపు చరిత్ర ఉంది. ఎయిడ్స్ జబ్బు కొత్తగా బయటపడిన రోజుల్లో, 1983లో, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రమాదకర వర్గాల జాబితాలో హైతీ ప్రజలను ఒక వర్గంగా చేర్చింది. ఒక అలవాటునో ఒక వైద్య కారణాన్నో పట్టి కాక, ఒక దేశంలో పుట్టినందుకే ఆ ముద్ర పడింది. 1985లో దాన్ని తొలగించారు కానీ, ఈలోగా ఉద్యోగాలు పోయినవాళ్లు, బడిలో వెలివేతకు గురైన పిల్లలు ఉన్నారు. 1990లో హైతీవాళ్ల రక్తం తీసుకోవద్దని అధికారులు చెబితే, ఏప్రిల్ నెలలో వేలాది మంది బ్రూక్లిన్ వంతెన మీదుగా నడిచి నిరసన తెలిపారు.

ఈ చరిత్రను మనసులో పెట్టుకుని రెండో సీజన్ చూడండి. హైతీ ఉన్న ద్వీపంలోనే తూర్పు భాగం డొమినికన్ రిపబ్లిక్. అక్కడి నుంచి మాయా, అలెహాండ్రో అనే కవలలు అమెరికా సరిహద్దు వైపు పారిపోయి వస్తుంటారు. మాయాకు భయం వేసినా కోపం వచ్చినా కళ్ల నుంచి నల్లటి కన్నీరు కారుతుంది, చుట్టూ ఉన్నవాళ్లందరూ మహమ్మారి తగిలినట్టు కుప్పకూలి చనిపోతారు. తమ్ముడు చేయి పట్టుకుంటేనే అది ఆగుతుంది. మాయాగా నటించిన దానియా రమిరెజ్ ఆ దేశంలోనే పుట్టారు. ఆమె ముఖంలో పాప భీతి, అలసట నిజంగా కనిపిస్తాయి. కానీ ఆమె చేతికిచ్చిన కథ ఏమిటి? అనుమతి లేకుండా సరిహద్దు దాటే కరీబియన్ స్త్రీ తన ఒంట్లో చావును మోసుకొస్తుంది. సరిహద్దు మీద అమెరికాలో పెద్ద వాదులాట నడుస్తున్న 2007లో, వలస వచ్చేవాళ్లు జబ్బులు తెస్తారన్న వంద ఏళ్ల నాటి భయానికి ఒక అందమైన ముఖం దొరికింది. రచయితలు వలసలకు వ్యతిరేకులని నేను అనుకోను. ఆ కవలల మీద వాళ్లకు జాలి ఉన్న సంగతి ప్రతి దృశ్యంలో తెలుస్తుంది. జాలి ఉన్నా మూస మూసే. ఆ ద్వీపం నుంచి వచ్చిన ఒక నర్సునో, ఒక బేస్‌బాల్ ఆటగాణ్నో, బట్టల మిల్లులో పనిచేసే పిల్లనో అడిగి ఉంటే, మీకు ఏ శక్తి కావాలంటే ఏం చెప్పేవాళ్లో గానీ, కన్నీటితో ఊరిని చంపే శక్తి కావాలని మాత్రం చెప్పి ఉండరు.

అదే సీజన్‌లో, గాలిలో ఎగిరే రాజకీయ నాయకుడి తమ్ముడు పీటర్ పెట్రెల్లి జ్ఞాపకం పోయి ఐర్లాండ్‌లోని కార్క్ రేవులో ఒక సరుకు పెట్టెలో తేలతాడు. అతనికి ఆశ్రయమిచ్చేది సారా దుకాణం నడుపుతూ దొంగతనాలు చేసే ముఠా. కార్క్ మాటకు పాట పాడినట్టుండే ఒక లయ ఉందని ఐర్లాండ్ అంతటా చెప్పుకుంటారు. ఆ లయ ఆ ముఠాలో వినిపించదు. మూడో సీజన్‌లో బోట్స్‌వానా ఎడారిలో ఒక చిత్రకారుడు కనబడతాడు. అతని పేరు ఉసుతు. ఆ మాట పక్క దేశంలోని జులూ రాజుల చరిత్రకు చెందినది. ఒక వర్గం పేరు అది. బోట్స్‌వానావారి సెత్స్వానా భాషలో పేరే దొరకలేదా అనిపిస్తుంది. అమెరికా నుంచి వచ్చి పడ్డ పోలీసుకు దారి చూపడం, జరగబోయేది బొమ్మ గీయడం, ఆ తర్వాత చచ్చిపోవడం, ఇంతవరకే అతని పాత్ర. మద్రాసులో మొహిందర్, బోట్స్‌వానాలో ఉసుతు. పొరపాటు ఎంత ఒకేలా ఉందో గమనించండి.

మనిషి గాలిలో ఎగిరే కథలో పేర్లు, యాసలు సరిగ్గా ఉండాలని పట్టుబట్టడం దేనికని నన్ను కొందరు విద్యార్థులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన పల్లెల్లో హరికథ విన్నవాళ్లకు దీని జవాబు తెలుసు. హనుమంతుడు సముద్రం దాటే ఘట్టాన్ని దాసుగారు చెబుతున్నప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ అశోకవనంలో సీతమ్మ దుఃఖం చెప్పేటప్పుడు ఆ గొంతులో మన ఇంటి ఆడపడుచు పలకకపోతే జనం చాప దులుపుకుని లేచిపోతారు. ఒక్క అద్భుతాన్ని నమ్మించాలంటే దాని చుట్టూ ఉన్న వంద మామూలు విషయాలు నిజమై ఉండాలి.

తయారీలోని ఇబ్బందులు నాకు తెలియనివి కావు. మొదటి సీజన్‌లో 23 భాగాలు రాశారు. వారానికి ఒకటి చొప్పున తెరకెక్కాలి. మద్రాసైనా కార్క్ అయినా లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కలే వేసిన సెట్లు. దూరపు ఊరికి దొరికేది ఒక భాగంలో నాలుగైదు నిమిషాలు. అంత తక్కువ వ్యవధిలో చూసేవాడికి చప్పున తెలియాలంటే అప్పటికే వాడి తలలో ఉన్న బొమ్మను తట్టడమే సులువు. రెండో సీజన్ మధ్యలో రచయితల సమ్మె వచ్చి 11 భాగాలకే ఆగిపోయింది. ఇవన్నీ నిజమే. కానీ మొహిందర్ అనే పేరును మార్చడానికి ఖర్చు ఎంత? చెన్నైకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది.

ఆ ఫోను చేసినవాళ్లూ ఉన్నారు. 2022 జూన్‌లో డిస్నీ ప్లస్‌లో వచ్చిన ఆరు భాగాల 'మిస్ మార్వెల్' అందుకు ఉదాహరణ. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబపు అమ్మాయి కమలా ఖాన్ అందులో వీరురాలు. ఆ పాత్ర వేసిన ఇమాన్ వెల్లానీ కరాచీలో పుట్టి కెనడాలో పెరిగింది. కథలో కమలా కరాచీ వెళ్లే భాగాలకు దర్శకత్వం వహించింది కరాచీకి చెందిన షర్మీన్ ఒబైద్ చినోయ్. చిత్రీకరణ జరిగింది బ్యాంకాక్‌లో. అంటే అక్కడా ఊరు అసలు ఊరు కాదు. తేడా ఎక్కడుందంటే, ఆ ఊరిని తెలిసిన కన్ను కెమెరా వెనక ఉంది. రాత్రిపూట కుర్రాళ్లు మంట చుట్టూ కూర్చుని ప్లాస్టిక్ సంచిలోంచి బిర్యానీని చేత్తో తింటూ, బయటి నుంచి వచ్చిన అమ్మాయికి కారం తగలడం చూసి ఆటపట్టించే దృశ్యం ఒకటుంది. కథను నడిపించడానికి అది అవసరం లేదు. అయినా దాన్ని ఉంచారు, కరాచీ ఒక ఊరుగా మారింది. తన పాస్‌పోర్టు పాకిస్తాన్‌ది, తన వేర్లు ఇండియావి, ఆ రెంటి మధ్య నెత్తురుతో గీసిన గీత ఉందన్న అర్థంలో కమలా అమ్మమ్మ ఒక మాట అంటుంది. 1947 రైలు ప్లాట్‌ఫారం మీద కథ నిలబడ్డప్పుడు, అతీత శక్తి అన్నది ఒక కుటుంబపు జ్ఞాపకంగా మారిపోయింది. మందిర మసీదుల వీధుల్లో పెరిగిన మనకు ఆ అమ్మమ్మ పరాయిది అనిపించదు.

ఇతరుల నాటకాన్ని ఇంతసేపు తప్పుపట్టిన నేను మన ఇంటి సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. దశాబ్దాలపాటు మన తెరమీద తెలంగాణ మాట రౌడీకీ హాస్యగాడికీ దక్కింది, నాయకుడికి దక్కలేదు. శ్రీకాకుళం యాస ఇంట్లో పనివాళ్లకు, అమాయకులకు ఇచ్చారు. రాయలసీమ అంటే కత్తి, బాంబు, తెల్ల సుమోల వరుస. కరువులో బోరు మీద బోరు వేసి అప్పులపాలైన అనంతపురం రైతు, పిల్లల్ని మేనమామ ఇంట వదిలి బెంగళూరు కూలికి వెళ్లిన తల్లి ఆ దుమ్ములో కనిపించకుండా పోయారు. కడప జిల్లా విద్యార్థిని ఒకమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే, మీ ఇంట్లో ఎన్ని కత్తులున్నాయని తోటివాళ్లు అడిగారని నాతో చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకుంది. వాళ్ల నాన్న ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఈ పదేళ్లలో పరిస్థితి కొంత మారింది. తెలంగాణ మాట మాట్లాడే నాయకులు, ఆ ప్రాంతపు రచయితలు, దర్శకులు తెరమీదికి వచ్చారు. మారడానికి కారణం కూడా అదే: ఆ మాట ఇంట్లో మాట్లాడేవాళ్లు రాసే గదిలోకి వచ్చారు.

ఈ ప్రసంగం సిద్ధం చేసుకుంటూ మా చెన్నై మిత్రుడికి ఫోను చేశాను. ఇప్పుడు వాడు డాలస్ పక్కనే సొంత ఇంట్లో ఉంటున్నాడు. తల్లిదండ్రులిద్దరూ గతించారు, పెరంబూరుకు వెళ్లడం తగ్గింది. ఆ ఆచార్యుడికి నువ్వయితే ఏ పేరు పెడతావురా అని అడిగాను. వాడు ఆలోచించడానికి క్షణం కూడా తీసుకోలేదు. తండ్రి పేరు చంద్ర అని వాళ్లే చెప్పారు, సురేష్ అన్న మాట వాళ్ల దగ్గరే ఉంది, కొడుక్కి ఆ పేరు పెట్టి ముందు తండ్రి అక్షరం రాస్తే అయిపోయేదన్నాడు. "సి. సురేష్. మా రైల్వే క్వార్టర్స్‌లో ఆ పేరుతో ఇద్దరున్నార్రా, ఒకడు నా బెంచీలోనే కూర్చునేవాడు" అన్నాడు.

నమస్కారం.